సూదంటురాయి కావాలంటే ఎక్కడికెళ్ళాలి?

సెలవులు వచ్చాయంటే "అమ్మా, మాగ్నెట్టు కావాలి" అనే పేచీ చాలా ఇళ్ళలో వున్నదే. బళ్ళో సైన్సు ఎగ్జిబిషనుకి చిన్న మోటారు చెయ్యాలన్నా, గంట మోగించాలన్నా అదే కావాలి. పిల్లల సంగతి సరే, మనకి మాత్రం అక్కర్లేదా? మట్టిబొమ్మ చేసి ఫ్రిజ్‌కి అంటించాలని ఒకరికి, పాత చీరతో కుట్టిన పర్సుకి గుండీ బదులు టక్కున అతుక్కునేది పెట్టాలని ఇంకొకరికి, కుట్టుమిషను దగ్గర సూదులు చెదరకుండా వుండాలని మరొకరికి. అసలు మన భాషలో దానికున్న పాత పేరే సూదంటురాయి. పేరులోనే సూది వుంది మరి!

కావాలనుకోవడం సులువే, దొరకడమే కష్టం. ప్రత్తిపాడు లాంటి ఊళ్ళో పుస్తకాల కొట్టులో అడిగితే ఎర్రరంగు వేసిన గుర్రపునాడా ఒకటి చేతిలో పెడతారు. రెండుసార్లు కిందపడితే చాలు, దాని బలం తగ్గిపోతుంది. కొనల మధ్య ఇనుపముక్క అడ్డం పెట్టి దాచమని కొట్టువాడు చెప్పడు. పోనీ గుంటూరు వెళ్ళినప్పుడు తెమ్మని ఇంట్లో మగవాళ్ళనడిగితే, "ఇప్పుడదెందుకు?" అన్న ప్రశ్న ముందొస్తుంది. ఆయన పేకముక్కలు కొన్నప్పుడు మనం అడిగామా? ఆడవాళ్ళ కాలక్షేపానికయ్యే ప్రతి రూపాయికీ సంజాయిషీ చెప్పుకోవాల్సిరావడం నాకైతే మింగుడుపడదు.

చిత్రమేమిటంటే, అయస్కాంతం మనకు కొత్త వస్తువేం కాదు. పత్తీ మిరపా పండే నేల ఇది. జిన్నింగు మిల్లులో పత్తితోపాటు ఒక మేకో, తీగముక్కో లోపలికి వెళ్ళి యంత్రానికి రాసుకుంటే నిప్పురవ్వ లేస్తుంది. పత్తికి నిప్పురవ్వ తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే పత్తి వెళ్ళే దారిలో అయస్కాంతాలు పెడతారు. కారం ఆడే యంత్రాలకీ అలాగే పెట్టాలి. అంటే మన చుట్టూ అది రోజూ పనిచేస్తూనే వుంది. మన చేతికే రావడంలేదు.

డబ్బు పెట్టేముందు ఒకసారి పాత ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్ళి చూడండి. మోగని స్పీకరు వుంటే తూకం లెక్కన ఇచ్చేస్తాడు. దాని వెనక నల్లటి గుండ్రటి చక్రం వుంటుంది. అది ఫెరైటు అయస్కాంతం. చవక, తుప్పు పట్టదు, సైన్సు ఎగ్జిబిషనుకి బ్రహ్మాండంగా సరిపోతుంది. ఇనుప పలకల మధ్య జిగురుతో అంటించి వుంటుంది కనుక ఊడదీసేటప్పుడు ఓపిక కావాలి. గట్టిగా కొడితే పెంకులా పగులుతుంది. పలకలు తీసేశాక బలం తగ్గినట్టనిపిస్తుంది. కంగారు పడకండి, బలాన్నంతా ఒకచోటికి చేర్చేది ఆ పలకలే. ఒకటి అడుగున వుంచేసుకుంటే సరి.

ఇంకా బలమైనది కావాలా? కంప్యూటర్లు బాగుచేసే షాపులో పాడైపోయిన హార్డుడిస్కు అడగండి. లోపల జీడిపప్పు ఆకారంలో వెండిలా మెరిసే రెండు ముక్కలుంటాయి. అవి నియోడిమియం అయస్కాంతాలు. బీరువాకి అంటిస్తే పీకడానికి తంటాలు పడాలి! నక్షత్రం తల స్క్రూలు కాబట్టి షాపు కుర్రాడి చేతే విప్పించుకోవడం మేలు. కొత్త లాప్‌టాప్‌లలో వచ్చే ఎస్‌ఎస్‌డీలో ఇవి వుండవు, అడిగి మరీ తీసుకోండి. మైక్రోవేవు ఓవెన్లోనూ పెద్ద చక్రాలుంటాయి కానీ దాని జోలికి మాత్రం వెళ్ళొద్దు. ప్లగ్గు తీసేసినా లోపల కెపాసిటరులో ప్రాణాలు తీసే కరెంటు నిలవుంటుంది.

కొత్తవే కొనదల్చుకుంటే ఆన్‌లైనులో చిన్న బిళ్ళలు దొరుకుతాయి. ఎన్ 35, ఎన్ 52 అని రాసి వుంటుంది. అంకె పెరిగితే బలం పెరుగుతుంది, ధర కూడా. బొమ్మలకీ పర్సులకీ ఎన్ 35 చాలు. ఎక్కువ పట్టు కావాలంటే అంకె బదులు కాస్త మందమైన బిళ్ళ తీసుకోవడం లాభం. "ఐదు కిలోలు మోస్తుంది" అని రాస్తే నమ్మేయకండి. మందపాటి ఇనుముకి నేరుగా అంటించి, ఎదురుగా లాగితే వచ్చే లెక్క అది. మధ్యలో రంగో, కాగితమో, గుడ్డో వస్తే పట్టు చటుక్కున పడిపోతుంది. గోడవైపు అంటిస్తే కిందికి జారడమూ ఎక్కువే. కాలెండరు బరువుకి ఫ్రిజ్ బొమ్మ జారిపోయేది అందుకే. స్టీలు తలుపున్న ఫ్రిజ్‌లు కొన్నిటికి అసలు అతుక్కోదు, ముందు చూసుకోండి.

టెర్రకోట చేసేవాళ్ళకో మాట. బొమ్మ కాల్చిన తర్వాతే బిళ్ళ అంటించాలి. మామూలు నియోడిమియం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది. దానికి రంధ్రం చెయ్యాలని చూడొద్దు, పగలడమే కాదు, ఆ పొడి అంటుకుంటుంది కూడా. పైపూత లేస్తే తుప్పు పడుతుంది. ఎరల్డైట్ లాంటి రెండు ట్యూబుల జిగురు బాగా పట్టుకుంటుంది.

ఇంత బలమైన అయస్కాంతం మన పెద్దవాళ్ళ కాలంలో లేదు. 1980ల మొదట్లో జపానులో మసాటో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ విడివిడిగా కనిపెట్టారు. ఇప్పుడు మనం కొనే బిళ్ళలు ఎక్కువభాగం చైనావే. 2025 ఏప్రిల్లో ఆ దేశం కొన్ని అరుదైన ఖనిజాల ఎగుమతికి, వాటితో చేసే అయస్కాంతాలకి ఆంక్షలు పెడితే కార్ల కంపెనీలే గగ్గోలు పెట్టాయి. అలాంటి ఖనిజం మన ఆంధ్ర తీరం ఇసుకలోనే వుంది. విశాఖలో 2023లో ఒక అయస్కాంతాల కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అయితే అది అంతరిక్ష, రక్షణ అవసరాలకోసం ఏడాదికి 3,000 కిలోలు చేసేందుకు పెట్టింది. 2025 నవంబరులో కేంద్రం 7,280 కోట్ల పథకానికి ఒప్పుకుంది. అవన్నీ మన పుస్తకాల కొట్టు దాకా ఎప్పుడొస్తాయో!

బలం పెరిగిందంటే భయమూ పెరిగిందనే అర్థం. ఇంట్లో పాకే పిల్లలుంటే చిన్న బిళ్ళలు, గుండ్లు తేనేవద్దని నా మాట. పిల్లవాడు పావలా మింగితే అరటిపండు పెట్టి రెండ్రోజులు చూడటం మన ఇళ్ళలో అలవాటు. అయస్కాంతం విషయంలో అది పనికిరాదు. రెండు మింగితే, లేదా ఒకటీ ఒక ఇనుపముక్కా మింగితే, పేగు గోడలకి అటూ ఇటూ నుంచి ఒకదాన్నొకటి లాక్కుని మధ్యలో పేగుని నలిపి చిల్లు పెడతాయి. పైకి మామూలు కడుపునొప్పీ వాంతులూ లాగానే వుంటుంది. అనుమానం వస్తే చాలు, ఆ పూటే ఎక్స్‌రే వున్న ఆస్పత్రికి తీసుకెళ్ళి "అయస్కాంతం మింగాడు" అని స్పష్టంగా చెప్పండి. అమెరికాలో ఇలాంటి గుండ్లను అదుపుచేస్తూ 2014లో పెట్టిన నిబంధనని 2016లో కోర్టు కొట్టేస్తే, 2022లో మళ్ళీ కొత్తది తెచ్చారు. మన దగ్గర అమ్మే పాకెట్టు మీద హెచ్చరిక వుందో లేదో మనమే చూసుకోవాలి. పేస్‌మేకరు వున్న మామగారో, అత్తగారో ఇంట్లో వుంటే పెద్ద ముక్కలు వాళ్ళ గుండెకి దూరంగా వుంచండి.

అన్నట్టు, మోకాళ్ళ నొప్పులు పోతాయని అయస్కాంతాల కంకణాలూ పరుపులూ అంటగట్టేవాళ్ళు గుమ్మం దాకా వస్తూంటారు. నొప్పి తగ్గిస్తాయనడానికి గట్టి రుజువేమీ లేదు. పర్సు గుండీకి వంద రూపాయలు దండగన్నవాళ్ళే ఆ పరుపుకి వేలు పోస్తారు!

తెచ్చిన అయస్కాంతానికి వంటింట్లోనూ ఒక పని వుంది. పాలిథిన్ కవరులో పెట్టి, మిల్లు నుంచి తెచ్చిన కారంలో మెల్లిగా తిప్పండి. అరిగిన యంత్రం నుంచి రాలిన ఇనుప రజను వుంటే నల్లగా కవరుకి అంటుకుంటుంది. ఆహార భద్రతా సంస్థ టీ పొడిలో ఇనుప రజను పట్టుకోవడానికి ఇంట్లోనే చేసుకోమని చెప్పిన పరీక్ష కూడా అయస్కాంతంతోనే. కవరు తిరగేసి తీస్తే రజను దానితోనే వచ్చేస్తుంది. అలా కనిపిస్తే ఆ కవరు పట్టుకుని మిల్లుకే వెళ్ళండి. అయస్కాంతం పెట్టారా, పెడితే రోజూ తుడుస్తున్నారా అని అడగండి. రజనుతో నిండిపోయిన అయస్కాంతం ఇక కొత్తది పట్టుకోదు, పట్టుకున్నది కూడా మళ్ళీ కారంలోకే రాలుతుంది.