లైన్ల వీధులు నడిచేవాళ్లవే

కోలారు బంగారు గనుల (కేజీఎఫ్) ప్రాంతంలో గని కార్మికుల లైన్లు కట్టిన రోజుల్లో కార్ల గొడవే లేదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ అడుగుపెట్టాక చాంపియన్ రీఫ్, ఊరిగాం, మారికుప్పం గనుల చుట్టూ ఇరుకిళ్లు వరసలు వరసలుగా లేచాయి. ఇంట్లో చోటు చాలని సంసారాలు వీధిలోకి వచ్చాయి. ముగ్గు వేయడం, బిందెలు పెట్టడం, పిల్లల ఆటలు, పొద్దుగూకితే అరుగుల మీద కబుర్లు, అన్నీ అక్కడే. ఆ వీధి ఇంటికి వాకిలే.

2001 ఫిబ్రవరి 28న ఆ గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ (బీజీఎంఎల్) మూతపడింది. అప్పటినుంచి బతుకుతెరువు కోసం వేలమంది తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కి, రాత్రికి తిరిగొస్తున్నారు. పగటిపూట లైన్లలో ఎక్కువగా ఉండేది పిల్లలు, ముసలివాళ్లు. వాళ్లలో రాతిధూళికి ఊపిరితిత్తులు పాడైన పాత గని కార్మికులూ ఉన్నారు. హారన్ వినగానే పక్కకు గెంతే ఓపిక వాళ్లకు లేదు.

ఇలాంటి వీధికి 'అభివృద్ధి' అంటే మన దగ్గర ఒకటే అర్థం: ఈ చివర నుంచి ఆ చివరదాకా నున్నటి సిమెంటు రోడ్డు. రోడ్డు నున్నబడగానే బైకు వేగం పెరుగుతుంది. ఎవరికో దెబ్బ తగిలాక జనం హంపు అడుగుతారు. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పోస్తూ పోతే వీధి గడపకన్నా ఎత్తవుతుంది, వాననీళ్లు ఇంట్లోకొస్తాయి.

నెదర్లాండ్స్ ఈ దారిలో నడిచి, చాలా నష్టపోయాకే మేలుకుంది. 1971లో అక్కడ రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు. వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. అంతకుముందే 1960ల చివర్లో డెల్ఫ్ట్ నగరంలో మొదలైన 'వూనెర్ఫ్' పద్ధతికి 1976లో చట్టబద్ధత వచ్చింది. అలాంటి వీధిలో మనుషులు ఎక్కడైనా నడవవచ్చు, పిల్లలు ఆడుకోవచ్చు, బండి మాత్రం మనిషి నడకతో సమానంగా కదలాలి. ఇదంతా బోర్డు పెడితే జరిగే పని కాదు. చెట్లు, బెంచీలు, వంకర దారి డ్రైవరును నెమ్మదించేలా చేస్తాయి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి, 30 కిలోమీటర్లతో వచ్చేదానికన్నా దాదాపు మూడింతల శక్తితో గుద్దుతుంది. తేడా ప్రాణానిదే. మన దేశంలో 2022లో 32,825 మంది పాదచారులు రోడ్లపై చనిపోయారు.

అయితే డెల్ఫ్ట్ నమూనాను ఉన్నదున్నట్టు దించితే లాభం లేదు. అక్కడి చిక్కు కార్లు, ఇక్కడ బైకులు. కారును ఆపే మలుపులోంచి బైకు దూరిపోతుంది. మందు మన దగ్గరే ఉంది. కోలారు జిల్లా రాతిసీమ. బండ్లు పోయే మధ్యభాగంలో గరుకు రాళ్లు పరిస్తే వేగం దానంతటదే తగ్గుతుంది. గోడల వెంట నడకకు నున్నటి బండలు వేయాలి. వాటి మీదికి బైకులు రాకుండా రాతికూసాలు నాటాలి. అన్నిటికన్నా ముఖ్యం, వీధికి ఒక చివరనే బండ్లు వచ్చే దారి ఉంచడం. అడ్డదారిగా పనికిరాని వీధిలోకి పనిలేని బండి రాదు. అంబులెన్సు, నీళ్ల ట్యాంకరు, గ్యాస్ బండి మాటేమిటని అడిగేవాళ్లున్నారు, అది న్యాయమైన ప్రశ్నే. రెండో చివర తీసిపెట్టగల కూసాలుంటే చాలు.

చట్టం అడ్డు కాదు. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో రోడ్డుకు వేగపరిమితి తగ్గించవచ్చు. రోడ్డు రూపకల్పనలో లోపానికి బాధ్యత మోపే 198ఎ సెక్షన్ 2019లో చేరింది. ఎటూ కాలువకో పైపుకో వీధి తవ్వుతారు, అప్పుడే ఈ పనీ కలిపితే అదనపు భారం తక్కువ. భూమి బీజీఎంఎల్‌ది, వీధి మునిసిపాలిటీది అంటూ ఒకరిమీద ఒకరు నెట్టుకోవడం మాత్రం ఆగాలి.

మునిసిపాలిటీ ముందు ఒక్క లైనులో చేసి చూపించాలి. కూసాలు ఎక్కడ, బెంచీలు ఎక్కడ అన్నది అక్కడుండే ఆడవాళ్లనూ ముసలివాళ్లనూ అడిగి తేల్చాలి. లైన్లలో ఉన్నవాళ్లకూ ఒక మనవి: కౌన్సిలరు ఓటుకొచ్చినప్పుడు రోడ్డు వేయించమని మాత్రమే అడగకండి, మీ పిల్లలు ఆడుకోగల రోడ్డు వేయించమని అడగండి.