మొద్దు అనకండి!

మూడో తరగతికొచ్చినా పిల్ల చదవలేకపోతే మనవాళ్లు మొదట అనే మాట ‘మొద్దు’. రెండోది, ‘తల్లి ఇంట్లో ఏం చేస్తోంది?’ టీచరుగా ఈ రెండు మాటలూ వింటే నాకు ఒళ్లు మండుతుంది.

గుణింతం గడగడా అప్పజెప్పే పిల్లను మధ్యలో ‘కీ’ మీద వేలుపెట్టి అడగండి. తడబడొచ్చు. వరుస నోటికొచ్చిందే తప్ప అక్షరం కంటికి ఆనలేదన్నమాట. ఇంకొకరికి అక్షరాలొచ్చు, ఒత్తులు రావు. మరొకరు కూడబలుక్కుంటూ మాట చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతారు. అందరికీ ఒకే మందు ఎలా పనిచేస్తుంది?

తెలంగాణలో 2022లో మొదలైన ‘తొలిమెట్టు’ చెప్పిందీ ఇదే. ముందు పిల్లల స్థాయి చూడాలి, తర్వాతే పాఠం. బాగానే ఉంది. కానీ కొద్దిరోజుల శిక్షణతో చెయ్యి తిరుగుతుందా? వంటల పుస్తకం చదివితే వంటొచ్చేస్తుందా? అనుభవమున్నవాళ్లు క్లాసులోకొచ్చి, పిల్లల్ని కూర్చోబెట్టుకుని, ‘ఇదిగో, ఇలా’ అని చూపించాలి. రెండు మూడు తరగతులు ఒక్కరే చూసే బళ్లలో, వెనకబడ్డ పిల్లలకు రోజూ ఓ అరగంట విడిగా దక్కాలి. అదిలేని శిక్షణ రిజిస్టరులో సంతకంగానే మిగిలిపోతుంది.

తల్లులూ, ఈసారి బడికెళ్తే మార్కులతో పాటు ఇంకో మాట అడగండి: ‘మా అమ్మాయి చదువుతూ ఎక్కడ ఆగిపోతోంది టీచర్?’ ఆ జవాబు చెప్పగలిగేలా టీచర్లను తయారుచేయడం ప్రభుత్వం బాధ్యత.