పెట్టె అడుగున దాచిన బొంత

హాస్టల్లో చేరిన మొదటి రోజు మాలో చాలామందిమి ట్రంకు పెట్టె అడుగున ఒక వస్తువు దాచిపెట్టాం. అది అమ్మ కుట్టిన బొంత. పాత చీరలు, నాన్న పంచె, చిరిగిన స్కూలు చొక్కా కలిపి కుట్టిన బొంత. కొత్త దుప్పట్లు తెచ్చుకున్నవాళ్ల ముందు దాన్ని పరచడానికి సిగ్గుపడ్డాం. చలికి ఆగలేక, లైట్లు ఆర్పాక తీసి కప్పుకున్నాం. ఈ రోజు మా ఇళ్లలో మొదటి పట్టభద్రులం అనిపించుకుంటున్న మేము ఆ సిగ్గు గురించే రాయాలనుకున్నాం.

అమెరికాలో ముక్కల బొంతను క్విల్ట్ అంటారు. అక్కడి అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. పత్తి తోటల్లో బానిసలుగా బతికిన నల్లజాతివారి వారసుల ఊరది. అక్కడి తల్లులు పొలం పనిలో అరిగిపోయిన బట్టలతో, పిల్లలకు చలి ఆగడం కోసం బొంతలు కుట్టారు. 2002లో ఆ బొంతలనే హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలోను, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోను గోడలకు వేలాడదీశారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. నిన్న మంచం మీద ఉన్నప్పుడు కళ కానిది, గోడ ఎక్కగానే కళ ఎలా అయింది?

న్యూయార్క్ హార్లెంలో పుట్టిన చిత్రకారిణి ఫెయిత్ రింగోల్డ్ 1980లో తన మొదటి క్విల్టును తల్లితో కలిసి తయారుచేశారు. తల్లి కుట్టు పనిని ఆమె పెట్టె అడుగున దాచలేదు. దాన్నే తన కళకు పునాది చేసుకున్నారు.

ఇప్పుడు అక్కడ బొమ్మల బొంతలు కుట్టేవారిలో చాలామంది ఫ్రీజర్ పేపర్ వాడతారు. మాంసం చుట్టి ఫ్రీజర్‌లో పెట్టే కాగితమది. ఒకవైపు మామూలుగా, రెండోవైపు పలుచని ప్లాస్టిక్ పూతతో ఉంటుంది. బొమ్మను అసలు సైజులో దానిపై గీసి, ప్రతి ముక్కకూ అంకె వేసి, ముక్కలుగా కత్తిరిస్తారు. పూత ఉన్న వైపు గుడ్డకు ఆనించి ఇస్త్రీ పెట్టె వేస్తే అతుక్కుంటుంది. చుట్టూ పావు అంగుళం గుడ్డ వదిలి కత్తిరించి, కాగితం అంచు వెంబడి కుడతారు. చివరికి కాగితం లాగితే మరక లేకుండా ఊడి వస్తుంది. మళ్లీ వాడుకోవచ్చు. గుడ్డ వెనకవైపు అతికిస్తే బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది కాబట్టి, ముందే తిప్పి గీసుకోవాలి.

ఈ పద్ధతి తెలుసుకున్నప్పుడు మాకు అమ్మే గుర్తొచ్చింది. ఏ రంగు పక్కన ఏ రంగు రావాలో, మూల ఎక్కడ కలవాలో అమ్మ కాగితం లేకుండానే లెక్క వేసింది. ఆ లెక్కకు మార్కులు వేసినవారు లేరు. సంతకం పెట్టడం రాదని ఆమెను చదువు రానిదన్నారు. మేమూ అలాగే అనుకున్నాం.

"బొంత నుంచి బయటపడాలనే కదా చదివాం, మళ్లీ దాన్ని పొగడడమెందుకు?" అని మాలోనే ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. పేదరికాన్ని పొగడమని మేము అనడం లేదు. చలిలో వణకడం గొప్ప కాదు. చేతిలోని పనితనం మాత్రం గొప్పదే. దానికి పేరూ, డబ్బూ రెండూ దక్కాలి. గీస్ బెండ్ స్త్రీలలో కొందరు తమకు రావలసిన వాటా రాలేదని 2007లో కోర్టుకెక్కారు. గోడకు వేలాడదీసి చప్పట్లు కొడితే సరిపోదని అది మనకు చెబుతోంది.

అందుకే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. వచ్చే వార్షికోత్సవానికి ఇంటి నుంచి ఒక్కో బొంత తెండి. హాల్లో వేలాడదీద్దాం. కింద అట్టముక్క మీద అమ్మ పేరు, ఊరు, ఏ చీర ఎవరిదో రాయండి. కొత్తది కుట్టాలనుకుంటే ఫ్రీజర్ పేపర్ లేదని ఆగకండి. మన టైలర్లు జాకెట్ కొలతలకు కత్తిరించే పాత దినపత్రికా, నాలుగు గుండుసూదులూ చాలు. ఆ రోజు అతిథుల పక్కన మొదటి వరుసలో అమ్మలను కూర్చోబెడదాం. వారి బొంత గురించి వారినే మాట్లాడమందాం. మనం విందాం.