కొత్తిల్లు కట్టేవాళ్లకు ఒక మాట: హాలు కంటే ముందు బురదకీ, మందు డబ్బాకీ చోటు చూడండి



మా చుట్టుపక్కల ఊళ్లల్లో చానామంది పెంకుటిళ్లు తీసేసి శ్లాబు ఇళ్లకు ముగ్గు పోసుకుంటున్నారు. సంతోషమే. కానీ నేను చూసిన ప్లాన్లన్నీ ఒకటే రకం. పెద్ద హాలు, రెండు మూడు బెడ్‌రూములు, పూజగది, వంటగది, ముందు ఎలివేషను. టౌన్లో ఉద్యోగస్తుడి ఇల్లు ఎట్టా ఉంటదో అట్టానే ఉన్నాయి. ఉద్యోగస్తుడు సాయంత్రం ఇంటికొస్తే చేతిలో బ్యాగు ఉంటది. మనం వస్తే ఏం తెస్తాం? కాళ్లకు నల్లరేగడి బురద, వీపున మందు పంపు, భుజాన తడిసిన పట్టా, చేతిలో సగం మిగిలిన మందు డబ్బా. వీటికి ఆ ప్లాన్‌లో చోటేది?

ప్లాన్‌లో చోటు లేనంత మాత్రాన వ్యవసాయం గేటు బయట ఆగదు. హాల్లోకే వస్తది. యూరియా కట్ట మెట్ల కింద, పంపు బాత్‌రూములో, మందు డబ్బా వంటింటి అటక మీద చేరతాయి. నా అభిప్రాయం ఒక్కటే. రైతు ఇంటికి మొదట గీయాల్సింది పెరటి గుమ్మం దగ్గర గది. ఆ తర్వాతే హాలు.

వెనకటి ఇళ్లకు ఇంజనీరు లేడు. అయినా అన్నిటికీ చోటుండేది. నాగలి, గుంటక, కాడి గొడ్ల సావిట్లో. కొడవళ్లు చూరులో. గాబు దగ్గర కాళ్లు కడుక్కోందే గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు. గొడ్లు పోయాయి, సావిడి పడగొట్టాం. సామాను మాత్రం తగ్గలేదు, పెరిగింది. పైగా అప్పట్లో ఇంట్లో ఇన్ని రకాల విషం లేదు.

ప్లాన్ గీయించే ముందు కాగితం మీద ఇంట్లో సామాను లెక్క రాయండి. అన్నదమ్ములిద్దరూ, అమ్మానాన్నా, పిల్లలూ కలిసి పదిమంది ఉన్న ఇల్లనుకుందాం. మనిషికి చేలోకి ఒక జత, ఊళ్లోకి ఒక జత. ఇరవై జతల చెప్పులు. జతకు పది అంగుళాలు వేసుకుంటే అయిదడుగుల అరలో ఆరు జతలు పడతాయి. నాలుగు వరుసలు కడితే ఇరవై నాలుగు. వచ్చిపోయేవాళ్లకు కూడా సరిపోద్ది. లెక్క వెయ్యకుండా రెండు వరుసలు కడితే మిగతావి గుమ్మం ముందే పడుంటాయి, ముసలాళ్లు తట్టుకుని పడతారు.

గది ఆరడుగులు పది అడుగులు ఉంటే చాలు. నేల ఇంటి నేల కంటే నాలుగంగుళాలు కిందకి ఉండాలి, బురద నీళ్లు లోపలికి రావు. నున్నటి టైల్స్ వద్దు, జారతాయి. గరుకు నాపరాళ్లు పరిచి, తూము వైపు వాలు పెట్టించండి. కాళ్ల ఎత్తులో ఒక కుళాయి, పక్కన కూర్చుని కాళ్లు కడుక్కోను చిన్న అరుగు. మోకాళ్ల నొప్పులున్న పెద్దాళ్లకు ఆ అరుగు విలువ తెలుస్తది. అరలకు ప్లైవుడ్ పెట్టించకండి. తడికి ఉబ్బుద్ది, చెద పడుద్ది. గోడ లేపేటప్పుడే కడప బండలు దింపితే ఇల్లున్నన్నాళ్లూ ఉంటాయి. గోడ లేచాక పగలగొట్టి పెట్టాలంటే ఖర్చు రెండింతలు. బ్యాటరీ పంపు ఛార్జింగుకి నీళ్లు చిమ్మని చోట నాలుగడుగుల ఎత్తున ప్లగ్గు. పట్టాలు, గోతాలు పై అరలో. విత్తనాల బిల్లులు, ఖాళీ ప్యాకెట్లు దాచను తడి తగలని ఒక గూడు. మొలక రాకపోతే అవే మన సాక్ష్యం. ఎరువు కట్టలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు ఆనకుండా పెట్టాలి.

ఇక అసలు సంగతి పురుగుమందు. అది ఈ గదిలో కూడా ఉండకూడదు. బయటి గోడకు, బయటికే తెరుచుకునే ఇనప తలుపు గూడు కట్టించండి. గాలి ఆడను పైన జాలీ, తలుపుకి తాళం, తాళంచెవి ఒక్క పెద్దమనిషి దగ్గర. పొడి మందులు పై అరలో, ద్రవాలు కింది అరలో. కారినా పొడి మీద పడవు. గడ్డిమందు వేరే అరలో. విత్తనాలు, దాణా వాటి పక్కన అసలొద్దు. డబ్బా మీద త్రికోణం రంగు చూడండి. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ అయినా మందు మందే. మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టే అలవాటు మానాలి. చిన్నపిల్లోడికి సీసా తెలుస్తది గానీ లోపలున్నది తెలియదు.

తాళం వేస్తే అంతా అయిపోయినట్టు కాదు. శ్రీలంకలో పల్లెటూళ్లల్లో ఇళ్లకు తాళం పెట్టెలు ఇచ్చి చూశారు. మందు తాగేవాళ్లు పెట్టెల వల్ల తగ్గలేదని 2017లో ఫలితం చెప్పారు. ఆ దేశంలో ప్రాణాలు నిలబెట్టింది బాగా ప్రమాదమైన మందులను నిషేధించటం. అందుకని నేననేది, తాళం పిల్లల కోసం తప్పక ఉండాలి, కానీ అంతకంటే మేలు ఇంట్లో మందు నిలవ లేకపోవటం. ఒక కొట్టుడుకి ఎంత కావాలో అంతే తెచ్చుకోండి. పెద్ద డబ్బా చవకని తెచ్చి ఏడాదంతా ఇంట్లో పెట్టుకోవటం చవక కాదు. అప్పుల బాధలోనో, ఇంట్లో మాట పట్టింపులోనో మనసు విరిగే ఘడియ ఎవరికైనా వస్తది. ఆ ఘడియలో చేతికందే దూరంలో విషం ఉండకపోవటమే మంచిది. అట్టాంటి మనిషి మీ ఇంట్లో ఉంటే పక్కన కూర్చుని మాట్లాడండి, ఒంటరిగా వదలకండి.

ఇంకో మాట, ఆడవాళ్ల తరఫున. మనం మందు కొట్టొచ్చిన చొక్కా పిల్లల బట్టలతో కలిపి నానబెడుతున్నారు. ఆ మందు ఉతికేవాళ్ల చేతులకూ, పిల్లల బట్టలకూ పట్టుద్ది. ఆ గదిలో మందు బట్టలకు వేరే దండెం, వేరే బకెట్టు పెట్టండి. పంపు మాత్రం చేలోనే కడిగి రండి, ఆ నీళ్లు ఇంటి తూములోకీ, గొడ్ల తొట్టి దగ్గరికీ రాకూడదు.

"డబ్బులు చాలవు" అంటారు. ఫాల్స్ సీలింగుకి చాలిన డబ్బు నాలుగు బండలకు, ఒక ఇనప తలుపుకి చాలదా? "స్థలం లేదు" అంటారు. హాలు మూడడుగులు తగ్గిస్తే చుట్టాలు రావటం మానరు. "కట్టినా ఎవరు సర్దుతారు" అంటారు. కొంకికి పేరు రాసి, పిల్లలవి మూడడుగుల ఎత్తులో పెట్టండి. చోటు చూపిస్తే పిల్లలే ముందు సర్దుతారు.

మేస్త్రీకి హాలు గురించి చెప్పక్కర్లేదు, ఆయనకు తెలుసు. మన పంపు, మన బురద సంగతి మనమే చెప్పాలి. పునాదికి ముగ్గు పడకముందే చెప్పండి.