దారి హక్కు

ఉదయం ఏడు గంటలకు కొవ్వూరు వైపు నుండి రోడ్డు కమ్ రైలు వంతెన ఎక్కినవాడు రాజమహేంద్రవరంలో ఎప్పుడు దిగుతాడో ముందుగా చెప్పటం కష్టం. పైన మా ప్రయాణం, కింద రైళ్ళ ప్రయాణం. కింద బండి సాగుతున్నప్పుడు పైన వంతెన వణకటం మాకు చిరకాలంగా అలవాటైన సంగతే. 1974 నవంబరులో నాటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు జాతికి అంకితం చేసిన వంతెన ఇది. అర్ధ శతాబ్దం నిండింది. ఆనాడు దీని మీద ఎన్ని బండ్లు తిరగగలవని తలచారో గాని, నేడు ఒక్క పాఠశాల వేళకు వచ్చే ద్విచక్ర వాహనాలే ఆ అంచనాను దాటిపోయి ఉంటాయి.

2023 సెప్టెంబరు చివరలో మరమ్మతుల నిమిత్తం దీనిపై రాకపోకలు నిలిపివేసినప్పుడు మాకు దాని విలువ తెలిసివచ్చింది. ఎగువన 2015లో ప్రారంభమైన నాలుగో వంతెన మీదుగా దివాన్‌చెరువు చుట్టి రావాలి. లేదా దిగువన విజ్జేశ్వరం, మద్దూరు, ర్యాలి, ధవళేశ్వరం అనే నాలుగు పాయల బ్యారేజీని దాటి రావాలి. ఏ దారిన వచ్చినా మొదటి పాఠం సగం గడిచేది. పిల్లలు నేను రాకముందే కితాబులు తెరచి కూర్చుని ఉండేవారు. వారి ముఖాల్లో విసుగు లేదు. విసుగంతా నాదే.

నా మాట నేను దాచుకోను. బండి ఎక్కగానే సవారీ దుఆ చదువుతాను. ఈ వాహనాన్ని మాకు వశపరచినవాడు పరమ పవిత్రుడని, చివరికి మేము ఆయన వద్దకే మరలవలసినవారమని ఒప్పుకుంటాను. ఆ దుఆ పలికిన నాలుకే మొదటి గోతి వద్ద ఏమేమి పలుకుతుందో వ్రాయటానికి సిగ్గుగా ఉన్నది. గుత్తేదారును, ఇంజినీరును, ఇసుక లారీని, అడ్డంగా వచ్చిన ఆటోను, ఎవ్వరినీ వదలదు.

ఆ కోపంలో న్యాయం లేదని కాదు. పాలకుడు దారికి బాధ్యుడు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఇరాకు దారిలో కంచరగాడిద కాలు జారిన కథను మన ఉపన్యాసకులు తరచుగా చెబుతారు. పాత గ్రంథాలలో నేను చదివినది కొంత వేరు. యూఫ్రటీసు ఒడ్డున ఒక ఒంటె ఆలనాపాలనా లేక చచ్చిపోయినా అల్లాహ్ దానిని గూర్చి తనను ప్రశ్నిస్తాడేమోనని ఆయన భయపడ్డారు. కంచరగాడిదైనా ఒంటెయైనా భావం ఒక్కటే. గోతిలో పడి చేయి విరిగిన మనిషిని గూర్చి కూడా ప్రశ్న ఉంటుంది. దానికి జవాబు చెప్పవలసినవారు జవాబు సిద్ధం చేసుకోవాలి.

అయితే గోతి ఎలా పుడుతుందో కొంచెం ఆలోచించండి. మనది డెల్టా. అడుగున నల్లరేగడి మన్ను, ప్రక్కన కాలువ, ఎటు చూసినా తడి. రేగడి నీరు త్రాగితే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. దాని మీద పరచిన తారుకు మొదటి శత్రువు లారీ కాదు, నిలిచిన నీరు. నీరు సన్నని పగులులో దిగి అడుగు కంకరను వదులు చేస్తుంది. ఆ తరువాత వచ్చే ధాన్యం లారీ పని పూర్తి చేస్తుంది. మరి నీరు ఎందుకు నిలిచింది? మురుగు కాలువ పారక. కాలువ ఎందుకు పారలేదు? దాని మీద ప్రతి ఇంటివారూ ఒక అరుగో, మెట్టో, బండి ఎక్కించుకునే ర్యాంపో కట్టుకున్నందువల్ల. చీపురు దూరే సందు కూడా ఉండదు. మా వీధిలో లెక్కిస్తే ముస్లిముల ఇళ్ళు, హిందువుల ఇళ్ళు అనే తేడా ఈ విషయంలో ఎక్కడా కనబడలేదు.

పై తరగతి పిల్లలకు నేను చెప్పే పాఠం హిదాయా. ఇమామ్ మర్గీనానీ (రహ్మతుల్లాహి అలైహి) హిజ్రీ 593లో మరణించారు. ఆయన గ్రంథంలో రక్తపరిహారపు భాగాన, మనిషి దారిలో కల్పించే వాటిని గూర్చి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. అందరూ నడిచే దారిలోకి ఒకడు మరుగుదొడ్డిని గాని, చూరు గొట్టాన్ని గాని, దుకాణపు అరుగును గాని పొడిగించుకుంటే, దారిన పోయే సామాన్యుడు కూడా దానిని తొలగింపజేయవచ్చునట. అది తగిలి ఎవరైనా చనిపోతే కట్టినవాని తరఫు బంధువర్గం పరిహారం చెల్లించాలి. దారిలో గొయ్యి త్రవ్వినా, రాయి పెట్టినా అదే తీర్పు. మనిషికి బదులు పశువు చస్తే నష్టం అతని సొంత ఆస్తి నుండి. అంతేకాదు, దారి మీద నీరు పోసి, అందులో కాలు జారి ఎవరైనా పడినా బాధ్యత పోసినవానిదే. పాలకుని ఆజ్ఞతో త్రవ్వినవానికి మాత్రం మినహాయింపు ఉన్నది.

ఎనిమిది శతాబ్దాల క్రితం మధ్య ఆసియాలో కూర్చుని ఆ పెద్దమనిషి మా వీధిని చూసి వ్రాసినట్లుంటుంది. ఈ అధ్యాయాన్ని ఏటేటా చెబుతూ వచ్చాను. అరబీ వ్యాకరణం విప్పి చెప్పేవాడిని, అభిప్రాయభేదాలు చెప్పేవాడిని. గత సంవత్సరం ఒక పిల్లవాడు చేయి ఎత్తాడు.

“హజ్రత్, మన మస్జిదు వుజూ నీరు రోడ్డు మీదికి పోతుంది కదా. అది ఇందులోకి వస్తుందా?”

తరగతి నవ్వింది. నేను నవ్వలేదు. మస్జిదు గోడ ప్రక్కన ఉన్న పెద్ద గోతిలో నా బండి రోజూ పడుతూనే ఉన్నది. దానిలోని నీరు వాన నీరు కాదని నాకు అప్పటిదాకా తట్టలేదు. “వస్తుంది నాయనా” అన్నాను. వాడు ఊరుకోలేదు. “జుమా నాడు వీధిలో నిలిపే బండ్లు?”

దానికి జవాబు రేపు చెబుతానన్నాను. చెప్పలేదు.

జవాబు నాకు మరొక విధంగా వచ్చింది. ఆ నెలలోనే ఒక శుక్రవారం పని మీద కొవ్వూరు వెళ్ళి తిరిగి వస్తుండగా వంతెన మీద లారీ ఒకటి ఆగిపోయి చాలాసేపు నిలబడిపోయాను. మస్జిదు చేరేసరికి ఖుత్బా మొదలైంది. వీధికి రెండు ప్రక్కలా బండ్లే. మధ్యన మిగిలిన సందులో నా స్కూటరు నిలిపి, తాళం వేసి, లోపలికి పరుగెత్తాను. నమాజుకు పరుగెత్తి రావద్దని, నెమ్మదిగా వచ్చి దొరికినంత చదివి తప్పినది పూర్తి చేసుకోమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పారని పిల్లలకు నేర్పేది నేనే. జుమా పిలుపు వినగానే వ్యాపారం విడిచి రమ్మన్నది దివ్య ఖుర్ఆన్. మనం వ్యాపారంతో పాటు వాహనాన్ని కూడా ఎక్కడ పడితే అక్కడ విడిచి వస్తున్నాము.

బయటికి వచ్చేసరికి నా స్కూటరు వెనుక ఒక ఆటో ఆగి ఉన్నది. అందులో ఎదురింటి పెద్దావిడ కొడుకు భుజం మీద వాలి ఉన్నారు. ముఖమంతా చెమట. గుండెలో నొప్పి. బండి తీయటానికి తాళం చెవి నా చేతిలో వణికింది. ఆటో కదిలి వెళ్ళింది. నేను అక్కడే నిలబడిపోయాను. దారిలో అడ్డుగా ఉన్న ముళ్ళకొమ్మను తొలగించినందుకే ఒక మనిషికి అల్లాహ్ మన్నింపు దొరికిందని హదీసు. ఆ కొమ్మను దారిలో పడవేసినవాని సంగతి ఏమిటో నేను అంతకు ముందు ఎన్నడూ ఆలోచించలేదు.

అల్లాహ్ దయవలన ఆవిడ నాలుగు రోజులకు ఇంటికి వచ్చారు. పండ్లు తీసుకుని వెళ్ళాను, క్షమాపణ అడిగాను. కొడుకు నొచ్చుకున్నాడు.

“అయ్యో, అదేం మాటండి మౌల్వీగారూ. మీరు నమాజులో ఉన్నారు కదా అని హారను కూడా కొట్టనివ్వలేదండి నేను.”

అతను మర్యాదకు అన్న మాట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నమాజును అంతగా గౌరవించిన పొరుగువాని తల్లి ప్రాణానికి నా స్కూటరు అడ్డంగా నిలిచింది. తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

మరునాడు తరగతిలో ఆ పిల్లవాని రెండో ప్రశ్నకు జవాబు చెప్పాను. జరిగినది దాచకుండా చెప్పాను. తరువాత మస్జిదు పెద్దల వద్దకు వెళ్ళాము. వాదనలు వచ్చాయి. జుమా వారానికి ఒక్క గంటే కదా అన్నారు ఒకరు. ఆ ఒక్క గంటలోనే గుండె ఆగవచ్చునని చెప్పవలసి వచ్చింది. ఊరంతా అలాగే నిలుపుతున్నారు కదా అన్నారు మరొకరు. ఆ మాటకు నా వద్ద జవాబు లేదు, ఎందుకంటే అది నిజమే. చివరికి వీధి మొదట్లో ఉన్న ఖాళీ స్థలం యజమానిని అడిగాము. ఆయన జుమా వేళకు ఉచితంగా ఇచ్చారు. వుజూ నీటికి గొట్టం వేసి మురుగు కాలువలో కలపాలంటే రోడ్డు కోయాలి, పురపాలక అనుమతి కావాలి. దరఖాస్తు పెట్టాము. అది వచ్చేదాకా నీరు మస్జిదు వెనుక కొబ్బరి మొక్కలకు మళ్ళుతోంది. మస్జిదు మెట్టు ఒకటి కాలువ మీదికి వచ్చి ఉంటే దానిని మేమే పగులగొట్టాము. దాని కింద ఎన్నేళ్ళ నాటిదో బురద గట్టిపడి ఉన్నది. ఇద్దరు పిల్లలు గంటసేపు తవ్వారు.

వీధిలో ఆటో ధారాళంగా వెళ్ళటానికి ఎంత వెడల్పు కావాలో తాడుతో కొలిచి, ఆ పిల్లవాడే సున్నంతో గీత గీశాడు. మొదటి జుమా నాడు గీత దాటి నిలిచిన బండి ఒక్కటే ఉన్నది. అది మా ముతవల్లీ సాహెబు గారిది. పిల్లవాడు వెళ్ళి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఆయన ఒక క్షణం వాని వైపు చూసి, జేబులో నుండి తాళం చెవి తీసుకుని, ఇమాము గారు మింబరు ఎక్కకముందే బయటికి వెళ్ళివచ్చారు.