ముందు డబ్బు కాదు, కారణం అడగాలి

పాస్‌బుక్కులో అంకె కనిపిస్తుంది, డబ్బు మాత్రం చేతికి రాదు. కౌంటర్లో అడిగితే "హోల్డ్‌లో ఉంది" అంటారు. ఎందుకంటే "పైనుంచి పెట్టారు, వచ్చేవారం రండి" అంటారు. రాయచూరు జిల్లా దేవదుర్గ తాలూకాలోని జాలహళ్ళి లాంటి చోట ఆ ఒక్క మాట ఖరీదు ఒక రోజు కూలి, రానుపోను బస్సు ఛార్జీ. నారాయణపూర్ కుడి కాలువ కింద సేద్యం చేసే రైతయినా, ఊళ్ళో ఖాతా ఉంచుకుని బెంగళూరుకు పనికి వెళ్ళిన కూలీ అయినా రెండు మూడు సార్లు తిరిగేసరికి సొంత డబ్బు కోసం బతిమాలే స్థితికి వస్తారు. నా ఉద్దేశంలో ఆ బతిమాలడంలోనే కాలం వృథా అవుతోంది. బ్యాంకును మొట్టమొదట అడగాల్సింది ఆపిన కారణం, అదీ కాగితం మీద. డబ్బు సంగతి ఆ తర్వాత.

కారణానికి అంత ప్రాధాన్యం ఎందుకంటే, హోల్డ్ అనే మాట ఒకటే అయినా దాని వెనక ఉండే సంగతులు వేరు, వాటికి తట్టాల్సిన తలుపులూ వేరు. కేవైసీ గడువు దాటి ఖాతా ఆగిందనుకుందాం. గడువుకు ముందే మూడుసార్లు, అందులో ఒకసారి ఉత్తరం ద్వారా, ఖాతాదారుకు తెలియజేయాలని 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ ఉత్తరం ఎప్పుడు పంపారని అడగవచ్చు. పాత అప్పు కింద పట్టుకుంటే అది బ్యాంకు సొంత నిర్ణయం. దానిపై బ్యాంకుకు రాసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. సైబర్ మోసం కేసులో పోలీసులు ఆపించి ఉంటే మాత్రం దారి మారిపోతుంది. చట్టబద్ధ సంస్థల ఆదేశంపై బ్యాంకు తీసుకున్న చర్యను 2021 నాటి సమీకృత అంబుడ్స్‌మన్ పథకం తన పరిధి నుంచి తప్పించింది. అప్పుడు దర్యాప్తు అధికారినీ, మేజిస్ట్రేటునూ ఆశ్రయించాలి. కారణం తెలియని ఖాతాదారు తప్పు తలుపు దగ్గర నెల రోజులు నిలబడి, "ఇది మా పరిధిలోకి రాదు" అన్న జవాబుతో వెనక్కి వస్తాడు.

గట్టిగా అడిగితే బ్యాంకులు దిగివస్తాయనడానికి దాఖలాలున్నాయి. తెలంగాణలో రైతుబంధు సొమ్మును కొన్ని బ్యాంకులు పాత పంట రుణాలకు జమకట్టుకున్నప్పుడు, అలా చేయొద్దని అప్పటి ఆర్థికమంత్రి హరీశ్‌రావు బ్యాంకర్లకు చెప్పాల్సి వచ్చింది. 2024లో కర్ణాటకలో కరవు పరిహారం విషయంలోనూ ఇదే తంతు నడిచి, ప్రభుత్వం జోక్యం చేసుకుంది. అయితే మంత్రి మాట ఆ పథకం వరకే, ఆ సీజన్ వరకే. పత్తి అమ్మిన డబ్బో, కూతురి పెళ్ళికి దాచుకున్న డబ్బో ఆగినప్పుడు ఏ మంత్రీ సమీక్ష పెట్టడు. ఒక్కడిగా నిలబడ్డ మనిషికి తారీఖు వేసి రాసిన ఫిర్యాదే ఆసరా.

అప్పు తీసుకున్నవాడి డబ్బు ఆపే హక్కు బ్యాంకుకు లేదా అని అడగవచ్చు. ఉంది. ఖాతాదారు డిపాజిట్ల మీద బ్యాంకు హక్కును సిండికేట్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 1992లోనే గుర్తించింది. కానీ ఆ హక్కుకు హద్దులున్నాయి. పింఛను, గ్రాట్యుటీ సొమ్ము ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారినంత మాత్రాన జప్తు నుంచి దానికున్న రక్షణ పోదని అదే కోర్టు 2008లో చెప్పింది. ఏ అప్పుకు, ఎంత మేరకు ఆపారో రాసివ్వకపోతే ఆ హద్దు దాటారో లేదో తేల్చేదెలా? పదివేల బాకీకి లక్ష రూపాయల ఖాతా మొత్తం బిగించారా అన్నది నోటిమాటతో తేలదు. హక్కు ఉన్న బ్యాంకుకు రెండు వాక్యాలు రాసివ్వడానికి జంకెందుకు?

పల్లె జనం అర్జీలు రాయగలరా, రాస్తే మేనేజరుకు కోపం వచ్చి రేపు లోను ఇవ్వకపోతే ఎలా అన్నది ఇంకో సందేహం. అర్జీకి అరపేజీ చాలు: ఖాతా నంబరు, డబ్బు ఆగిన తేదీ, ఆపై మూడు ప్రశ్నలు. ఎవరి ఆదేశం? ఎంత మొత్తానికి? ఎప్పటిదాకా? రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోవాలి. ముద్ర వేయబోమంటే స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. అంబుడ్స్‌మన్ దగ్గర ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనూ, కన్నడంలోనూ దారి చెబుతారు. ఇక కోపం మాటకొస్తే, చాలా హోల్డులు మేనేజరు చేతిలో ఉండవు, పై ఆఫీసు నుంచో కంప్యూటర్ నుంచో వస్తాయి. రాతపూర్వక ప్రశ్న ఆయనకూ పైవాళ్ళను అడిగే ఆధారం. పైగా మేనేజర్లు బదిలీ మీద వెళ్ళిపోతారు, ముద్ర పడ్డ కాగితం మన దగ్గరే ఉంటుంది.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం కాలం గురించి. విత్తనాల అదనులో 30 రోజులంటే పంట పోయినట్టే. ఇది నిజం, అర్జీ ఒక్కటే దీన్ని తీర్చలేదు. అయినా ఆ 30 రోజుల లెక్క మొదలయ్యేది రాసి ఇచ్చిన రోజు నుంచే. నోటితో అడిగిన నెల లెక్కలోకే రాదు. మిగతా లోటును పూడ్చాల్సింది రిజర్వు బ్యాంకు. ఖాతా ఆపిన రోజే కారణం, మొత్తం, ఆదేశించినవారి పేరు, వెళ్ళాల్సిన చోటు ఖాతాదారు భాషలో రాసి పంపాలనీ, పంపని ప్రతి రోజుకూ పరిహారం చెల్లించాలనీ నియమం పెట్టాలి. ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. చనిపోయిన ఖాతాదారు సొమ్మును, కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో వారసులకు తేల్చాలనీ, బ్యాంకు వల్ల ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మరో 4 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలనీ 2025 సెప్టెంబరులో ఆ రిజర్వు బ్యాంకే ఆదేశించింది. పోయినవారి డబ్బుకు దొరికిన ఆ గడువు, ఆ జరిమానా బతికి కౌంటరు ముందు నిలబడ్డవారి డబ్బుకూ దొరకాలి.