ఎనిమిదికి తగ్గితే ఇల్లు కొనొద్దా?

డాలస్ చుట్టుపక్కల ఇల్లు వెతుక్కునే తెలుగు దంపతులకు అందరూ చెప్పే సలహా ఒకటే. "ఎలిమెంటరీ స్కూల్ రేటింగ్ ఎనిమిదికి తగ్గితే ఆ ఇంటి జోలికే పోవద్దు." ఫ్రిస్కోలోనైనా, ప్లేనోలోనైనా, కొపెల్‌లోనైనా ఇదే మాట. మంచి మనసుతో చెప్పేదే కావచ్చు, కానీ తప్పు సలహా. ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఉన్న రెండు ప్రాథమిక బడుల్లో ఏది బాగా చదువు చెబుతుందో ఆ ఒక్క అంకె చెప్పలేదు.

ముందు ఆ అంకె ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. అది ప్రభుత్వం ఇచ్చేది కాదు. 1998లో మొదలైన గ్రేట్‌స్కూల్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ పదికి ఇంత అని లెక్కగట్టేది. జిల్లో, రెడ్‌ఫిన్ లాంటి ఇళ్ల అమ్మకాల సైట్లలో ఇంటి ధర పక్కనే కనిపిస్తుంది కాబట్టి దానికి లేని అధికారం వచ్చింది. ప్రాథమిక బడి విషయంలో దానికి ఆధారం రాష్ట్ర పరీక్షల మార్కులు. టెక్సస్‌లో ఆ పరీక్ష పేరు స్టార్, అది మూడో తరగతి నుంచే ఉంటుంది. కిండర్‌గార్టెన్‌కు గానీ, ఒకటి, రెండు తరగతులకు గానీ ఆ పరీక్ష లేదు. పిల్లలు అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చేది ఆ మూడేళ్లలోనే. ఐదేళ్ల పాపను బడిలో వేయబోతూ, ఆ పాపకు రేపు పాఠం చెప్పబోయే టీచర్ల పని నేరుగా లెక్కకు రాని అంకెను చూసి ఇల్లు కొంటున్నాం!

పైగా మార్కుల్లో బడి గొప్పతనం ఎంత, ఇంటి స్తోమత ఎంత? అమెరికాలో బడుల మీద వచ్చిన 1966 నాటి కోల్మన్ నివేదిక దగ్గర్నుంచి ఈ చర్చ నడుస్తూనే ఉంది. అమ్మానాన్నలిద్దరూ ఇంజినీర్లయి, సాయంత్రం ట్యూషన్, శనివారం గణితం క్లాసు ఉన్న పిల్లవాడు ఏ బడిలో కూర్చున్నా మార్కులు తెస్తాడు. అలాంటి పిల్లలు ఎక్కువమంది చేరిన బడికి పది వస్తుంది. ఆ పదిలో బడి చేసిందెంతో ఎవరూ విడదీసి చూడరు. ఈ రేటింగులు పిల్లల ఆదాయ వర్గాన్నీ జాతినీ అనుసరించి పోతున్నాయని 2019లో చాక్‌బీట్ పత్రిక పరిశీలించి రాసింది. గ్రేట్‌స్కూల్స్ సంస్థే 2017లోనూ 2020లోనూ తన లెక్క మార్చుకుని, పిల్లల ఎదుగుదలకు చోటిచ్చింది. కానీ సలహా ఇచ్చేవాళ్లు ఆ వివరం తెరిచి చూడరు.

చూడాల్సింది ఆ ఎదుగుదలే. ఏడాది మొదట్లో ఎక్కడున్న పిల్ల ఏడాది చివరికి ఎక్కడికి చేరింది? స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు షాన్ రియర్డన్ షికాగో ప్రభుత్వ బడుల మార్కులు విశ్లేషించి 2017లో ఒక సంగతి బయటపెట్టాడు. మూడో తరగతిలో దేశపు సగటు కంటే బాగా వెనకబడి ఉన్న అక్కడి పిల్లలు ఎనిమిదో తరగతికి వచ్చేలోపు, అంటే ఐదేళ్లలో, ఆరేళ్ల చదువు నేర్చారు. సగటు మార్కులే చూసేవాళ్ల కంటికి అవి నాసిరకం బడులు.

"అయితే బడుల మధ్య తేడాలే లేవా?" అంటారు. ఉన్నాయి. ప్రిన్సిపాల్ వల్ల తేడా వస్తుంది, టీచర్లు ఏటా వదిలి వెళ్లిపోతుంటే తేడా వస్తుంది. అయితే ఒకే డిస్ట్రిక్ట్‌లో స్కూల్ బోర్డు ఒకటే, సిలబస్ ఒకటే, టీచర్ల జీతాల పట్టిక ఒకటే. పేద పిల్లలు ఎక్కువున్న బడికి టైటిల్ వన్ కింద కేంద్ర నిధులు అదనంగా కూడా వస్తాయి.

అసలు భయం మార్కుల గురించేనా? "ఆ స్కూల్లో మనవాళ్లు తక్కువ" అని గొంతు తగ్గించి చెప్పే మాట నన్ను బాధపెడుతుంది. ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న పిల్లలు ఎక్కువున్న బడికి మార్కులు తగ్గుతాయి. ఆ పిల్లల్లో స్పానిష్ ఇళ్ల వాళ్లే కాదు, నిన్న గాక మొన్న గుంటూరు నుంచో వరంగల్ నుంచో వచ్చి, ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలూ ఉంటారు. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవడం నష్టమా?

డబ్బు సంగతీ చెప్పాలి. బోస్టన్ శివార్లలో, ఏ ఇంటి పిల్లలు ఏ బడికి వెళ్లాలో తేల్చే సరిహద్దు గీతకు అటూ ఇటూ ఉన్న ఇళ్లను పోల్చి ఆర్థికవేత్త శాండ్రా బ్లాక్ 1999లో తేల్చిందేమిటంటే, మార్కులు 5 శాతం పెరిగితే తల్లిదండ్రులు ఇంటికి 2.5 శాతం ఎక్కువ పెట్టడానికి సిద్ధం. ఆ గీత మాత్రం శాశ్వతం కాదు. పిల్లల సంఖ్య తగ్గిందని ప్లేనో డిస్ట్రిక్ట్ 2024లో డేవిస్, ఫోర్మన్ అనే రెండు ప్రాథమిక బడుల్ని మూసేయాలని తీర్మానించింది. బడి మూతపడితే గీత కదులుతుంది, ముప్ఫై ఏళ్ల ఇంటి అప్పు మాత్రం కదలదు.

కాబట్టి ఇల్లు ఖాయం చేసే ముందు ఆ బడికి ఒకసారి వెళ్లండి. నిరుడు ఎంతమంది టీచర్లు వెళ్లిపోయారో అడగండి. చదవడంలో వెనకబడిన పిల్లకు ఎవరు, వారానికి ఎన్నిసార్లు సాయం చేస్తారో అడగండి. ఎదుగుదల లెక్క చూపించమనండి. వీటికి సూటిగా జవాబిచ్చే బడి రేటింగ్ ఆరైనా, మీ పాపను అందులో చేర్చండి.